సీసీఎన్ఏకి ఎంత చదవాలి? ఎక్కడ ఆపాలో పిల్లలకు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ విద్యా పేజీలో నెట్‌వర్కింగ్ కోర్సుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. సర్టిఫికేషన్ ఉంటే ఉద్యోగానికి పనికొస్తుందని, సిస్కో అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ పెట్టే సీసీఎన్ఏ పరీక్షతో మొదలుపెట్టడం మంచిదని రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇక్కడ తిరుపతిలో ఆ పరీక్షకు కూర్చునే పిల్లలు రోజూ అడిగే ప్రశ్నకు మాత్రం ఆ వ్యాసంలో జవాబు దొరకలేదు. ఎంత చదవాలి? ఎక్కడ ఆపాలి? తెలివైన పిల్లలు కూడా ఈ ఒక్కదాని దగ్గరే నెలలకు నెలలు ఇరుక్కుపోతున్నారు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, వీలైనంత వరకు వేయండి.

నేను తిరుపతిలోనే ఒక సంస్థలో నెట్‌వర్క్ పని చూస్తాను. సాయంత్రం పూట మా అక్క కూతురు, దాని స్నేహితులు మా ఇంటికొచ్చి ల్యాబులు చేసుకుంటుంటారు. పుత్తూరు, పాకాల, చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు పిల్లలు. డిప్లొమా చేసినవాళ్లు ఉన్నారు, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లు ఉన్నారు, బీటెక్ అయిపోయి 'ఇంకా ఏం చేస్తున్నావు' అనే చుట్టాల మాట పడలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేసినవాళ్లూ ఉన్నారు. అందరిదీ ఒకటే మాట, 'మామా, ఇది పరీక్షలో వస్తాదా? ఇది కూడా చదవాల్నా?' అని. చదువంటే పరీక్షలో వచ్చేదేనా అని పెద్దవాళ్లకు ఈ ప్రశ్న మీద చిరాకు. నాకైతే చిరాకు లేదు. ఆ పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపితే మన డబ్బుల్లో సుమారు ముప్పై వేలు. తప్పితే మళ్లీ మొత్తం కట్టాల్సిందే. అయిదు రోజులు ఆగి మళ్లీ రాసుకోవచ్చని నిబంధన చెబుతుంది, కానీ రెండు పాడి ఆవుల మీదో, మామిడి కాయకు రేటు లేని ఏడాది తోట మీదో నడిచే ఇంట్లో అయిదు రోజుల్లో ఇంకో ముప్పై వేలు ఎవరు తెచ్చిస్తారు? అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల 'ఏది చదవాలి, ఏది వదిలేయాలి' అని అడిగితే అది బద్ధకం కాదండీ, బాధ్యత.

నేను చూసినంతలో ఎక్కువమంది అతిగా చదివి దెబ్బతింటున్నారు. ఈ మాట వింటే తల్లిదండ్రులు నమ్మరు. కానీ జరిగేది అదే. ఒక అబ్బాయి నెట్‌వర్క్ పనిని ఏడు అంచెలుగా చెప్పే ఓఎస్ఐ లేయర్లతో మొదలుపెట్టాడు, బాగానే ఉంది. అక్కడి నుంచి డేటా తప్పిపోకుండా చేరవేసే టీసీపీ లోతుల్లోకి వెళ్లాడు, ఎవరో లినక్స్ రాకపోతే లాభం లేదన్నారని లినక్స్ పట్టుకున్నాడు, ఇంకెవరో ఆటోమేషన్ వచ్చేసింది అన్నారని పైథాన్ క్లాసులో చేరాడు, బెంగళూరులో ఉన్న సీనియర్ ఫోన్ చేసి పెద్ద నెట్‌వర్కులను ఒకదానితో ఒకటి కలిపే బీజీపీ అడుగుతున్నారు అంటే అది మొదలుపెట్టాడు. పరీక్ష దగ్గరికొచ్చేసరికి నెట్‌వర్క్ అడ్రసులను చిన్న భాగాలుగా విడగొట్టే సబ్‌నెటింగ్ లెక్క చేతికి రావడం లేదు. అంత కష్టపడ్డ పిల్లవాణ్ణి పట్టుకుని సరిగ్గా చదవలేదు అని ఎవరైనా అంటే నాకు కడుపు మండుతుంది. వాడు చదివాడు, చదవాల్సింది ఇదీ అని గీత గీసి చూపించిన మనిషి లేడంతే.

ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. ఇంత సముద్రం ఎవరు ఈదుతారు అని డంప్స్ బట్టీ కొడతారు. అంటే పరీక్షలో వచ్చిన ప్రశ్నలని చెప్పి ఫోన్లలో తిరిగే ఫైళ్లు. దాని గురించి ఎక్కువ రాయను. అది సిస్కో నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, పరీక్షలు రాయకుండా నిషేధం కూడా పడుతుంది. పైగా ఇప్పుడు కమాండ్లు కొట్టి చేయాల్సిన ల్యాబ్ ప్రశ్నలు కూడా ఇస్తున్నారు, అక్కడ ఏ, బీ, సీ, డీ ఉండవు.

మరి గీత ఎక్కడ గీయాలి? సిస్కో వాళ్లే గీసిపెట్టారు, అందరూ చూసుకునేలా తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. ఎగ్జామ్ టాపిక్స్ అని కొద్ది పేజీల కాగితం అది. పరీక్ష కోడ్ 200-301. సమయం 120 నిమిషాలు. ఆరు భాగాలు, ఏ భాగానికి ఎంత బరువో కూడా రాసి ఉంటుంది. నెట్‌వర్క్ ప్రాథమిక విషయాలు 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్ అంటే వీలాన్లు (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్కులుగా పంచడం), ట్రంకులు (ఆ వీలాన్లన్నిటినీ మోసే లింకులు), స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య డేటా గిరగిరా తిరగకుండా ఆపేది), వైర్‌లెస్ కలిపి 20 శాతం, ఐపీ కనెక్టివిటీ అంటే రౌటింగ్ (డేటాకు దారి చూపడం) 25 శాతం, ఐపీ సర్వీసులు 10, సెక్యూరిటీ 15, ఆటోమేషన్ 10. కోచింగ్‌కు వేలు కట్టిన పిల్లల్లో ఈ కాగితం చూసినవాళ్లు ఎవరో చెప్పండి అని ఎప్పుడడిగినా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు సిలబస్ కాగితం లేకుండా పుస్తకం ముట్టరు, అలాంటిది మన ఊళ్లోనే ఈ పరీక్షకు మాత్రం సిలబస్ చూడకుండానే డబ్బు కట్టేస్తున్నారు.

ఆ కాగితాన్ని చదివే పద్ధతి ఒకటుంది. పిల్లలందరికీ ఇది తెలియాలి. ప్రతి అంశం ముందు ఒక క్రియ ఉంటుంది. కొన్నిచోట్ల 'వివరించు' అని, కొన్నిచోట్ల 'పోల్చు' అని, కొన్నిచోట్ల 'కాన్ఫిగర్ చేసి సరిచూడు' అని. ఎంత లోతుకు వెళ్లాలో దాన్నిబట్టే తెలుస్తుంది. ఉదాహరణకు ఒక గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రౌటర్, పడిపోతే ఇంకోటి అందుకునే ఏర్పాటు ఉంటుంది కదా, హెచ్ఎస్ఆర్‌పీ లాంటివి, వాటి గురించి వివరించు అనే ఉంది. అంటే ఎందుకు వాడతారు, వర్చువల్ ఐపీ అంటే ఏమిటి, ఒకటి పోతే ఏమవుతుంది, ఇంతవరకు చాలు. దాని టైమర్లు, ప్రయారిటీల కమాండ్లతో వారం గడపనక్కర్లేదు. అదే ఓఎస్‌పీఎఫ్ దగ్గర, అంటే రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి దగ్గర, కాన్ఫిగర్ చేసి సరిచూడు అని ఉంది, అదీ ఒకే ఏరియాతో, అంటే రౌటర్లన్నీ ఒకే గుంపుగా, ఐపీవీ4 అడ్రసులకు మాత్రమే. కాబట్టి మల్టీ ఏరియా వదిలేయొచ్చు, కానీ ఒకే ఏరియాలో నైబర్, అంటే పక్క రౌటర్, ఎందుకు రావడం లేదో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ఏరియా నంబర్ తేడా ఉందా, రౌటర్లు పలకరించుకునే హలో టైమర్ తేడా ఉందా, మాస్క్ తేడా ఉందా అని వరసగా చూసుకుంటూ పోవాలి. మా ఇంట్లో పిల్లల చేత ఒకవైపు రౌటర్లో హలో టైమర్ మార్పించి, ఎదురు రౌటర్లో పలకరింపు కోసం ఎదురుచూసే 40 సెకన్ల డెడ్ టైమర్ అయిపోయి నైబర్ ఎలా మాయమవుతుందో కూర్చోబెట్టి చూపిస్తాను. ఒకసారి కళ్లారా చూశాక దాన్ని పుస్తకంలో మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

ఆటోమేషన్ భాగం కూడా ఇంతే. ఆ పేరు వినగానే పిల్లలు భయపడిపోయి పైథాన్ నేర్చుకోవడానికి పరుగెత్తుతున్నారు. ఈ పరీక్షలో ప్రోగ్రాం రాయమని ఎక్కడా లేదు. జేసన్ అనే పద్ధతిలో రాసిన డేటా చూస్తే ఏది ఏమిటో గుర్తుపట్టాలి, ఏపీఐ, అంటే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి, తెలియాలి, ఒకే చోటి నుంచి ఆడించే కంట్రోలర్‌తో నడిచే నెట్‌వర్క్‌కూ మామూలు నెట్‌వర్క్‌కూ తేడా చెప్పాలి, యాన్సిబుల్, టెర్రాఫామ్ అనే ఆటోమేషన్ సాధనాలు దేనికి పనికొస్తాయో తెలియాలి. 2024 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చిన 1.1 వెర్షన్‌లో ఏఐ, మెషీన్ లెర్నింగ్ ప్రస్తావన కూడా చేర్చారు, అదీ వివరించే స్థాయిలోనే. మొత్తం కలిపి 10 శాతం. పైథాన్ మంచి భాషే, నేర్చుకోవద్దని అనను, ఉద్యోగంలోకి వెళ్లాక తప్పకుండా అక్కరకొస్తుంది. కానీ ముప్పై వేలు కట్టి తేదీ తీసుకున్న పిల్ల రెండు నెలలు దాని మీద పెట్టి రౌటింగ్ వదిలేస్తే, 25 శాతాన్ని వదిలి 10 శాతం వెంట పడినట్టే కదా.

దీనికి అడ్డుపడే వాక్యం ఒకటి ఉంది, నిజాయితీగా అదీ చెప్పాలి. ఆ సిలబస్ కాగితం పైన, ఇవి సాధారణ మార్గదర్శకాలు మాత్రమే, సంబంధమున్న ఇతర అంశాలు కూడా పరీక్షలో రావచ్చు అనే అర్థంలో రాసి ఉంటుంది. పిల్లలకు టెన్షన్ పుట్టించేది ఈ వాక్యమే. 'ఇతర అంశాలు అన్నారు కదా మామా, అంటే ఏమైనా రావచ్చు కదా' అంటుంది మా అక్క కూతురు. దానికి నేను చెప్పేది ఒకటే. సంబంధమున్నవి అంటే పక్కనే ఆనుకుని ఉన్నవి. రౌటింగ్ టేబుల్ చదవడం సిలబస్‌లో ఉంది, దానికి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, అంటే ఏ పద్ధతి చెప్పిన దారిని ఎక్కువ నమ్మాలో చెప్పే అంకె, తెలియాలి, కాబట్టి ఈఐజీఆర్‌పీ అనే ఇంకో రౌటింగ్ పద్ధతి విలువ 90 అని, ఓఎస్‌పీఎఫ్‌ది 110 అని గుర్తుండాలి. అలాగని ఈఐజీఆర్‌పీ కాన్ఫిగర్ చేయడం నేర్చుకోవాలా, అక్కర్లేదు. ఒక కొత్త మాట ఎదురైతే, సిలబస్‌లో ఉన్న ఏదైనా అంశం ఇది లేకుండా అర్థం కాదా అని అడుగు. అర్థం కాదు అంటే అది చదువు. అర్థమవుతుంది అంటే నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని ముందుకు పో. బీజీపీ, ఎంపీఎల్ఎస్, మల్టీ ఏరియా ఓఎస్‌పీఎఫ్ అన్నీ ఆ చివరి పేజీకి పోతాయి, వాటికి సీసీఎన్పీ అని వేరే చదువుంది, దాని సమయం దానికి వస్తుంది.

పాత నోట్స్ సమస్య ఇంకోటి. 2020 ఫిబ్రవరి 24న సిస్కో ఈ పరీక్షను పూర్తిగా మార్చేసింది. అంతకుముందు రౌటింగ్ స్విచింగ్‌కు ఒక సీసీఎన్ఏ, సెక్యూరిటీకి ఒకటి, వైర్‌లెస్‌కు ఒకటి అని విడివిడిగా ఉండేవి, అన్నీ పోయి ఒకే పరీక్ష వచ్చింది. ఇది జరిగి ఏళ్లవుతున్నా ఇప్పటికీ పాత సిలబస్‌లోని రిప్ కాన్ఫిగరేషన్‌తో మొదలుపెట్టి ఫ్రేమ్ రిలే బొమ్మలు గీయించే చోట్లు ఉన్నాయి. సీనియర్ల దగ్గర నుంచి జిరాక్స్ మీద జిరాక్స్ తీసుకున్న స్పైరల్ బైండింగుల్లోనూ అవే. పిల్లలది ఇందులో తప్పు లేదు, పుస్తకం మీద కోడ్ చూడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 200-125 అని ఉంటే అది పాతది, పక్కన పెట్టేయండి.

ఇక ఏది వదలకూడదో దాని గురించి. సబ్‌నెటింగ్ తగ్గించుకోవడానికి లేదు. 192.168.10.77 అని అడ్రసు ఇచ్చి పక్కన /27 అని పెడితే, కాగితం కలం లేకుండా చెప్పాలి. /27 అంటే అడ్రసులు 32 చొప్పున గుంపులుగా పోతాయి, 0, 32, 64, 96, మన 77 పడేది 64 దగ్గర, నెట్‌వర్క్ అడ్రసు 64, అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ అడ్రసు 95, మధ్యలో వాడుకోదగ్గవి 65 నుంచి 94 దాకా, మొత్తం 30. ఇది సిలబస్‌లో ఒక్క వరసే, కానీ ఏసీఎల్, అంటే దేన్ని రానివ్వాలో చెప్పే నిబంధనల జాబితా, రాయాలన్నా, రౌటింగ్ టేబుల్లో ఏ దారి పడుతుందో చెప్పాలన్నా, ఓఎస్‌పీఎఫ్‌లో వైల్డ్‌కార్డ్ మాస్క్ పెట్టాలన్నా దీంతోనే పని. పైగా ఈ పరీక్షలో ఒక ప్రశ్న దాటాక వెనక్కి వెళ్లి చూసుకోవడం కుదరదు. తర్వాత చూద్దాంలే అనే వీలు లేని చోట లెక్క తొందరగా రావడమే ధైర్యం. బస్సులో కిటికీ పక్క కూర్చుని చేసుకోండి, పాకాల నుంచి తిరుపతి వచ్చేలోపు బోలెడు లెక్కలవుతాయి.

వీలాన్లు, ట్రంకులు కూడా అంతే. ఈమధ్య ఒక అమ్మాయి కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్‌లో రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ వేసి, దాని మీద 10, 20 వీలాన్లను అనుమతించింది. అవతలి కంప్యూటర్ అందుతోందా అని చూసే పింగ్ బాగానే పోతోంది, అంతా బాగుంది. తర్వాత కొత్తగా 30 కావాలని, స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30 అని కొట్టింది. అంతే, 30 పనిచేసింది, 10, 20 రెండూ ఆగిపోయాయి. 'ఏమీ తీసేయలేదు కదా' అని అమ్మాయి ఒకటే ఆందోళన. ఆ కమాండులో యాడ్ అనే మాట పెట్టకపోతే పాత జాబితా మొత్తం పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. నేను చెప్పలేదు, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొట్టి చూసుకోమన్నాను. తనే చూసింది, తనే పట్టుకుంది, ఆ సంతోషం చూడాలి. ఇదే పని నిజం ఆఫీసులో జరిగితే ఒక అంతస్తు మొత్తం ఫోన్లు, బిల్లింగ్ ఆగిపోతాయి. పది ప్రోటోకాల్స్ పేర్లు తెలిసిన వాడికన్నా ఈ ఒక్కటి చేత్తో చేసి పాడుచేసుకుని మళ్లీ బాగుచేసిన పిల్ల రేపు నా పక్కన పనికి కావాలి.

ఇక్కడే నాతో విభేదించే పెద్దలున్నారని తెలుసు. పరీక్ష కోసం చదివితే విషయం రాదు, విస్తారంగా చదివితే పరీక్ష దానంతట అదే వస్తుంది అంటారు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు ఉన్నప్పుడు ఆ మాట నిజం, ఎంత విస్తారంగా చదివితే అంత మంచిది. కాలేజీ అయిపోయి, తేదీ దగ్గరపడి, ఇంట్లో అప్పు తెచ్చి ఫీజు కట్టిన పిల్లకు ఆ సలహా పనికిరాదు. పైగా ఆ కాగితంలో ఉన్నదాన్ని ఆ కాగితం అడిగిన లోతులో చదివితే వచ్చేది తక్కువ చదువేమీ కాదు. నేను రోజూ చేసే పనిలో ఎక్కువ భాగం అందులో ఉన్నదే. డీహెచ్‌సీపీ అడ్రసు ఎందుకివ్వడం లేదు, డీఎన్ఎస్ ఎందుకు పలకడం లేదు, ఈ పోర్టు ఏ వీలాన్‌లో ఉంది, ఇదేగా రోజంతా.

నెట్‌వర్కింగ్ అసలు కొత్త, కంప్యూటర్ కాలేజీలోనే మొదటిసారి ముట్టుకున్నారు అనే పిల్లలకు ఒక మాట. కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ అని ఇంకో పరీక్ష ఉంది, దాని ప్రస్తుత కోడ్ ఎన్10-009. అది ఏ ఒక్క కంపెనీ పరికరాలకూ కట్టుబడి ఉండదు, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. రెండూ కలిపి చదువుదాం అని మాత్రం పెట్టుకోకండి. రెంటి సిలబస్ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఒకటి ఎంచుకోండి. మన వైపు పిల్లలు ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు వెతుకుతారు, అక్కడ ప్రకటనల్లో సీసీఎన్ఏ పేరే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి నేనైతే దానివైపే మొగ్గుతాను. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుందన్నది కూడా మరిచిపోవద్దు, ఉద్యోగాలకు తిరిగే సమయానికి చేతిలో ఉండేలా తేదీ చూసుకోవాలి. డిగ్రీ మొదటి ఏడాదిలోనే తొందరపడి రాసేస్తే చదువు పూర్తయ్యేనాటికి దాని గడువు కూడా దగ్గరపడుతుంది.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. విద్యా పేజీలో ఇలాంటి సర్టిఫికేషన్ల గురించి రాసినప్పుడు పరీక్ష కోడ్, ఇప్పుడు అమల్లో ఉన్న వెర్షన్, ఏ భాగానికి ఎంత శాతం, ఫీజు ఎంత, ఎన్నేళ్లు చెల్లుతుంది, ఇవి తప్పకుండా వేయండి. వీలైతే ఆ సిలబస్ మొత్తాన్ని తెలుగులో, ఏ అంశం తెలిస్తే చాలు, ఏ అంశం చేత్తో చేసి నేర్చుకోవాలి అనే తేడా తెలిసేలా ఒక ఆదివారం వేయండి. కత్తిరించి గోడకు అంటించుకునే పిల్లలు ఎంతోమంది ఉంటారు. కోచింగ్ నడిపేవాళ్లు ఆ కాగితాన్ని మొదటి రోజే పిల్లల చేతిలో పెట్టాలి, అందులో లేనిది చెబుతుంటే ఇది అదనం అని ముందే చెప్పాలి. డబ్బు తీసుకున్నాక ఇది కనీస ధర్మం. మన జిల్లాలో ఇన్ని కాలేజీలున్నాయి, వాటి కంప్యూటర్ ల్యాబులకు సాయంత్రం కాగానే తాళం పడుతుంది. ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే చాలు, మామూలు కంప్యూటర్‌లోనే నడుస్తుంది. సొంత ల్యాప్‌టాప్ లేని పిల్లల కోసం రోజూ ఇంకో రెండు గంటలు ఆ ల్యాబులు తెరిచి ఉంచమని ప్రిన్సిపాళ్లను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. కూర్చుని చూపించే మనిషి కావాలంటే సాయంత్రాలు నేను వస్తాను, నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్లనూ తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఉద్యోగి,
తిరుపతి